బార్సిలోనాలో వైన్, టాపాస్, పాయేయా అన్నీ ఒకే సాయంత్రం: ప్యాకేజీ తీసుకోవచ్చా, వద్దా?

కృష్ణలంక_కుర్రాడు

అందరికీ నమస్కారం. అక్టోబర్‌లో మేం ఆరుగురం స్పెయిన్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, అమ్మానాన్న, తమ్ముడు, మరదలు. ముందు బార్సిలోనా, తర్వాత రైల్లో వలెన్సియా, ఆఖర్న గ్రనాడా. బార్సిలోనా హోటల్ వాళ్లు ఒక ప్యాకేజీ పంపారు. రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా. మూడు రకాల వైన్ రుచి చూపించి, ఐదు టాపాస్ (చిన్న పళ్లేల్లో వచ్చే చిరుతిళ్లు) పెట్టి, చివర్లో పాయేయా అనే అన్నం వంటకం వడ్డిస్తారట. తలకి 75 యూరోలు.

అమ్మ శుద్ధ శాకాహారి, మందు ముట్టదు. నాన్న చేపలు, గుడ్డు తింటారు. అన్నీ ఒకేచోట అయిపోతాయి, బుక్ చేసెయ్ అని తమ్ముడి పోరు. అది టూరిస్టుల కోసం పెట్టిన వ్యవహారం, వద్దే వద్దని మరదలు. అక్కడ ఉంటున్నవాళ్లు, వెళ్లొచ్చినవాళ్లు మీ అభిప్రాయం చెప్పండి.

తూరియా_తీరం

వద్దండి. మీ మరదలిగారి వైపే నా ఓటు. నేనుండేది వలెన్సియాలో. ఇక్కడివాళ్లకి పాయేయా అంటే మధ్యాహ్నం భోజనం, అందులోనూ ఆదివారం. రెండు దాటాక మొదలుపెట్టి నాలుగింటిదాకా కూర్చుని తింటారు. రాత్రిపూట అంత బరువైన అన్నం తినేవాళ్లు మా వీధిలో నాకెవరూ కనిపించలేదు. బార్సిలోనాలో రాత్రి తొమ్మిదింటికి పెద్ద పెనంలోంచి తీసి వడ్డించేది ఎప్పుడు వండిందో ఎవరు చెప్పగలరు?

అసలు ఎలా వండుతారో చెప్తాను, అప్పుడు నా బాధేంటో మీకే తెలుస్తుంది. వెడల్పాటి పల్చటి ఇనుప పెనంలో ఆలివ్ నూనె పోసి, కోడి, కుందేలు ముక్కల్ని ఎర్రగా వేయిస్తారు. తొందరపడకూడదు, రుచంతా ఆ వేపుడులోనే ఉంది. తర్వాత బల్లపరుపు చిక్కుళ్లు, గరోఫో అని ఇక్కడ పండే పెద్ద తెల్ల బీన్స్, తురిమిన టమాటా. ఎర్ర మిరప పొడి వేసిన వెంటనే నీళ్లు పోసేయాలి, లేకపోతే మాడి చేదెక్కుతుంది. ఆ నీళ్లు బాగా మరిగి రసం దిగాక కుంకుమపువ్వు, ఆ తర్వాతే బియ్యం. బియ్యం పడ్డాక గరిటె పెట్టరు. ముందు పెద్ద మంట, ఆపైన సన్న సెగ, మొత్తం ఇరవై నిమిషాలలోపే. చివర్లో పెనం అడుగునుంచి చిటపటమని చప్పుడొస్తుంది. వండేవాడు చెవి వంచి వింటాడు. అడుగున పట్టే ఆ పెచ్చునే సొకర్రాత్ అంటారు, దానికోసమే చెంచాలు పోటీపడతాయి. అన్నం పొర వేలి మందం కూడా ఉండదు. అందుకే నలభై మందికి ఒకేసారి వండి పెట్టుకుని, వేడిచేసి వడ్డించేదాన్ని నేను పాయేయా అనలేను.

ఎలాగూ వలెన్సియా వస్తున్నారు కదా. ఊరికి దక్షిణాన అల్బుఫేరా సరస్సు, దాని చుట్టూ వరి పొలాలు. మధ్యలో ఎల్ పాల్మార్ అనే చిన్న పల్లె, వీధంతా భోజనశాలలే, సిటీ బస్సు వెళ్తుంది. కోతలు సెప్టెంబర్‌లో మొదలవుతాయి కాబట్టి మీరొచ్చేది మంచి సమయం. మధ్యాహ్నం అక్కడ తినండి, సాయంత్రం సరస్సులో పడవెక్కండి. ఆ 75 యూరోలు దానికి పెట్టండి.

అమీర్‌పేట్_ఫుడీ

నేను ఒప్పుకోను బ్రదర్. ఇట్ల మాట్లాడితే కొత్తగా పోయేటోళ్లు భయపడి ఏదీ తినకుండ వాపస్ వస్తరు.

మొదటిది, టూరిస్టులకు పాయేయా పెట్టుడు ఇయ్యాల మొదలైన ముచ్చట కాదు. 1960లల్ల నియంత ఫ్రాంకో సర్కారు బీచ్‌లకు విదేశీయులను పిలిచినప్పటి నుంచే పాయేయాను దేశం మొత్తానికి గుర్తుగా నిలబెట్టిన్రు. మాడ్రిడ్‌ల, బార్సిలోనాల మామూలు ఆఫీసోళ్లు తినే మధ్యాహ్నం మెనూల గురువారం వచ్చిందంటే పాయేయా ఉంటది. వాళ్లంత వలెన్సియా పోయి తింటున్నరా? సముద్రం ఒడ్డున రొయ్యలు, ఆల్చిప్పలతోని చేసేది తప్పా? 2016ల బ్రిటిష్ వంటోడు జేమీ ఆలివర్ పాయేయాల చోరిజో అనే పంది మాంసం సాసేజ్ వేసిండని ఎంత రచ్చ చేసిండ్రో అందరికీ ఎరుకే. ఒక మనిషి తన వంటల సాసేజ్ వేసుకుంటే అంత లొల్లి ఎందుకో నాకు ఇప్పటికీ సమజ్ కాలే. వలెన్సియా ఇండ్లల్ల చానామంది కుంకుమపువ్వు బదులు పసుపురంగు పొడి వేస్తరు, అది మాత్రం ఎవ్వరూ మాట్లాడరు.

రెండోది, ఈ అన్న అమ్మానాన్నను తీస్కపోతున్నడు. అక్కడ మంచి హోటళ్లల్ల రాత్రి కిచెన్ తెరిచేదే ఎనిమిదిన్నరకు, తొమ్మిదికి. షుగర్ గోలీలు వేసుకునే పెద్దోళ్లు పది దాకా ఎట్ల ఆగుతరు? టాపాస్ బార్లల్ల నిలబడి తినాలె, కుర్చీ దొరకదు, అరుపులు, మెనూ మనకు తెల్వని భాషల. ప్యాకేజీల ఏడింటికి కూర్చోవెడతరు, ఒక మనిషి ఇంగ్లిష్‌ల అన్నీ చెప్తడు. నేను మా అత్తమామలతోని గసుంటిదే చేసిన. మా మామ ఏ వైన్ ఎక్కడిదో అడిగి అడిగి తెలుసుకుండు, ఇప్పటికీ ఆ ముచ్చట చెప్తడు. ఆయనకు అది నకిలీ అనిపియ్యలే.

కోనసీమ_డల్లాస్

వైన్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నాకు పాయేయా కంటే దాని మీదే అభ్యంతరం ఎక్కువ. రోజంతా ఎండలో తిరిగి, సాయంత్రం ఆకలి మీద మూడు గ్లాసులు వరసగా పోస్తే ఎవరికేం రుచి తెలుస్తుంది? రెండో గ్లాసుకే కబుర్లు, మూడోది మంచినీళ్లే.

బార్సిలోనా నుంచి లోకల్ రైలెక్కితే గంటలోపు సాన్ సదుర్నీ దనోయా అనే ఊరు. కావా అనే బుడగల వైన్ తయారీకి అదే పెద్ద కేంద్రం. రైలు దిగగానే స్టేషన్ పక్కనే వైన్ చేసి నిల్వ పెట్టే సెల్లార్. పొద్దున పదకొండుకి స్లాట్ తీసుకోండి. భూమిలోపలికి దింపి, సీసాలు వరసగా పేర్చి ఉన్న చల్లటి సొరంగాల్లో తిప్పుతారు. మొదటిసారి పులిసిన వైన్‌ని సీసాలో పోసి, కాస్త పంచదార, ఈస్ట్ కలిపి మూత బిగిస్తే అందులోనే మళ్లీ పులుస్తుంది. బుడగలు అలా పుడతాయి. కనీసం తొమ్మిది నెలలు అలా పడుకోబెడితేనే కావా అని అమ్మనిస్తారు. ఇదంతా కళ్లారా చూశాక తాగే గ్లాసు వేరు. అమ్మగారు తాగకపోయినా ఆ సొరంగాలు చూడొచ్చు. చాలా బార్లలో మోస్తో అడిగితే ద్రాక్షరసం ఇస్తారు, అందులో ఆల్కహాల్ ఉండదు.

ఇంకోటి. వలెన్సియా వెనక కొండల్లో రెకేనా వైపు బోబాల్ అనే ద్రాక్ష పండుతుంది. దాని ఎర్ర వైన్ మాంసం వేసిన పాయేయాకి బాగా నప్పుతుంది. పండ్ల ముక్కలు వేసిన వైన్, అదే సాంగ్రియా జగ్గు మాత్రం తెప్పించకండి. ఎండకి చల్లగా కావాలంటే ఊళ్లోవాళ్లు తాగేది తింతో దే వెరానో, ఎర్ర వైన్‌లో సోడా కలిపి ఇస్తారు.

ఇందూరు_పిల్ల

నేను గ్రనాడాల మాస్టర్స్ చేస్తున్న, శాకాహారిని. ఆంటీ కోసం రాస్తున్న, దయచేసి ఇది పూర్తిగా చదవండి.

ప్యాకేజీల "వెజ్ ఆప్షన్ ఉంది" అంటే నమ్మకండి, ఏమేం పెడతరో పేర్లతో సహా మెయిల్‌ల రాయించుకోండి. ఇక్కడ మాంసం లేదంటే సన్న హామ్ (పంది మాంసం) ముక్కలు, ట్యూనా చేప లెక్కలకు రావు. మామూలు సలాడ్ మీద ట్యూనా ఉంటది. క్రోకెతాస్ అనే వేయించిన ఉండలల్ల చాన వరకు లోపల హామే. ఆలుగడ్డల పతాతాస్ బ్రావాస్ మీద పోసే ఎర్ర సాస్‌ల కూడా కొందరు మాంసం రసం కలుపుతరు. కూరగాయల పాయేయా అని రాసి ఉన్నా, చేపల రసంతోని ఉడికిస్తే ఆంటీకి తెలిసేది ఎట్ల?

ధైర్యంగ తినదగ్గవి: టమాటా రుద్దిన రొట్టె (బార్సిలోనాల అది లేని బల్ల ఉండదు), పాద్రోన్ పచ్చి మిరపకాయలు, కాల్చిన వంకాయ, క్యాప్సికమ్‌తోని చేసే ఎస్కాలివాదా. గ్రనాడాల వంకాయను సన్నగ కోసి వేయించి చెరకు పాకం పోసి ఇస్తరు, ఆంటీకి తప్పకుండ నచ్చుతది.

గ్రనాడాల డ్రింక్ తీసుకుంటే టాపా ఉచితంగ వస్తది, కూల్‌డ్రింక్‌కు కూడా ఇస్తరు. కానీ ఏది రావాలో వంటోడి ఇష్టం. కాబట్టి ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలె. ఒక బార్‌ల ఒక గ్లాసు, ఒక టాపా, మళ్ల ఇంకో బార్. అంకుల్‌కు నిలబడుడు కష్టమైతే ఎనిమిదికి ముందు పోండి, అప్పుడు కుర్చీలు ఖాళీగ ఉంటయి.

తూరియా_తీరం

అమీర్‌పేట్ గారూ, పెద్దవాళ్ల భోజనం వేళ గురించి మీరన్నది నిజం. అందుకే మధ్యాహ్నం తినమంటున్నాను. రెండింటికి కడుపునిండా తింటే రాత్రి ఎనిమిదికి రెండు మూడు చిన్న టాపాస్ చాలు, గోలీలకి ఇబ్బంది రాదు. ఆ వేళలు ఆ ఊరి వంటకి కుదిరినవి. మనం వాటిని తలకిందులు చేసి, ఆ తర్వాత భోజనం కుదరలేదంటే ఎలా?

పసుపురంగు పొడి మాటా నిజమే, మా పక్కింటామె కూడా అదే వాడుతుంది. కానీ ఆవిడ తాజాగా, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల కోసం వండుతుంది. నా పట్టింపు దినుసుల జాబితా మీద కాదు. చేపలు వేసుకోండి, కూరగాయలు వేసుకోండి. బియ్యం మీకోసం పెనంలో పడాలి, అంతే. 2021లో వలెన్సియా ప్రభుత్వం పాయేయాని సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది కూడా దినుసుల కోసమే కాదు, నలుగురూ చుట్టూ చేరి వండుకుని, ఒకే పెనంలో ఎవరి వైపునుంచి వాళ్లు తినే అలవాటు కోసం.

అమీర్‌పేట్_ఫుడీ

తాజాగ వండాలన్న మాట నేను కాదంటలే. పేరు మీద పోలీసుగిరీ వద్దంటున్న. వెజ్ బిర్యానీ అసలు బిర్యానీయే కాదని మనోళ్లు కొట్లాడుతుంటే, పక్కన కూర్చున్న శాకాహారి చిన్నబుచ్చుకుంటడు, అది నేను కండ్లార చూసిన. అక్కడ కూడా గంతే. అన్నా, మీకు వలెన్సియా ప్లాన్‌ల ఉంది గనక పాయేయా అక్కడ తినండి, బార్సిలోనాల ప్యాకేజీ వద్దు. కానీ బార్సిలోనా ఒక్కటే చూసి వాపస్ పోయేటోళ్లకు నా సలహా ఇప్పటికీ అదే: బుక్ చేస్కోండి. కాకుంటే పదిమంది కంటే తక్కువుండి, మీ ముంగట వండేది చూసుకోండి.

కృష్ణలంక_కుర్రాడు

అందరికీ చాలా థాంక్స్. బార్సిలోనా ప్యాకేజీ మానేస్తున్నాం. ఒక పొద్దున సాన్ సదుర్నీ, సాయంత్రాలు టాపాస్, పాయేయా మాత్రం ఎల్ పాల్మార్‌లో. తమ్ముడు ఇంకా గొణుగుతున్నాడు, వాణ్ణి సెల్లార్‌కి తీసుకెళ్తే సర్దుకుంటాడు. ఒక్క సందేహం. అమ్మ ఒక్కదానికి విడిగా కూరగాయల పాయేయా వండుతారా? ఫోన్‌లో ఎలా అడగాలి?

తూరియా_తీరం

చాలాచోట్ల ఒక పెనం అంటే కనీసం ఇద్దరికి. నాన్నగారిని అమ్మగారితో కలిపేయండి, మిగతా నలుగురికి ఇంకోటి. కుందేలు తినలేకపోతే చేపలది చెప్పుకోండి. ముందురోజే ఫోన్ చేసి ఇలా అడగండి: "కియేరో రెసెర్వార్ ఉనా పాయేయా దే వెర్దూరాస్ పారా దోస్, సిన్ కాల్దో దే కార్నే ని దే పెస్కాదో." ఇద్దరికి కూరగాయల పాయేయా కావాలి, మాంసం రసం, చేపల రసం వద్దు అని అర్థం. వెళ్లాక వడ్డించే మనిషికి మళ్లీ చెప్పండి. ఆదివారం అయితే ముందురోజు సరిపోదు, వారం ముందే బల్ల పట్టుకోండి.