సమస్యాపూరణం: మూడు నెలల కొక్క ముద్దుగుమ్మ

నిర్వాహకురాలు: ఇది ఆటవెలది నాలుగో పాదం. అనిమే (జపాన్ యానిమేషన్) నాయికలపై అభిమాని వలపు ఎందుకు నిలవదో చెబుతూ పై మూడు పాదాలు పూరించండి. జపాన్ టీవీలో కొత్త సిరీస్‌లు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరుల్లో మొదలవుతాయి. మామూలుగా విడతకు 12, 13 భాగాలు. వారానికొకటి చొప్పున అవి సాగే కాలమే సమస్యలోని మూడు నెలలు. బేసి పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; సరి పాదాలకు అయిదూ సూర్యగణాలే. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి.

కలువ:
వారమొక్కటిగను వరుసగా పన్నెండు
భాగములవి ముగియ పాత బొమ్మ
తెరను వీడిపోవు, తెరపైకి వచ్చును
మూడు నెలల కొక్క ముద్దుగుమ్మ

నిర్వాహకురాలు: కలువ గారూ, హాయిగా నడిచింది. ‘భా–పా’ వర్గయతి సరిపోయింది. ‘బొమ్మ’ బదులు ‘కొమ్మ’ అనండి. గణం చెడదు, స్త్రీ అనే అర్థమూ వస్తుంది. ఫ్రీరెన్ అనే సిరీస్ 2023 సెప్టెంబరు చివర మొదలై 28 భాగాలు వచ్చింది, అంటే ఆరు నెలలు ఒకే నాయిక. అయినా పన్నెండే వాడుక లెక్క, ఉంచండి.

పాళీ:
ఏప్రిలందు యోరు ఎదదోచుకొని పోయె
నంత వలపు తీరె నక్టొబరున
మకిమ చేతఁ జిక్కె మనసిట్లు చూడుడీ
మూడు నెలల కొక్క ముద్దుగుమ్మ

నిర్వాహకురాలు: పాళీ గారూ, ‘యోరు ఎద’ నిలవదు. ఉత్వసంధి నిత్యం, ‘యోరెద’ అయి నాలుగో గణం చెడుతుంది. ‘యోరె యెద’ అంటే యడాగమంతో గణమూ యతీ దక్కుతాయి. అసలు చిక్కు భావంలో ఉంది. ఏప్రిల్ నుంచి అక్టోబరుకి ఆరు నెలలు. జులై నాయిక ఏదీ? పైగా యోర్ నాయికగా ఉన్న స్పై ఫ్యామిలీ రెండో విడత 2022 అక్టోబరులోనే 13 భాగాలతో వచ్చింది. మకిమ ఉన్న చైన్‌సా మ్యాన్ కూడా అప్పుడే. యోర్‌ను మరిచే వీలే లేదు.

చంద్రిక:
గొంతు మారదెపుడు గూడు మారినగాని
సఖుల వేషములను చాలఁ దాల్చు
చెవికి నొకతె గాని, చేరు కన్నులముందు
మూడు నెలల కొక్క ముద్దుగుమ్మ

నిర్వాహకురాలు: ఈసారి నాకు బాగా నచ్చిన పూరణ ఇదే. యోర్‌కూ, డీమన్ స్లేయర్‌లో షినోబుకూ గాత్రం సావోరి హయామిదే. అభిమాని వెంటపడేది గొంతునైతే చంచలుడన్న నింద పోతుంది. ‘స–చ’ యతి చెల్లుతుంది.

పాళీ: సవరించాను. సమస్యను ప్రశ్నగా తిప్పాను:

ఏప్రిలందు యోరె యెదదోచుకొని పోయె
నామె మరల వచ్చె నక్టొబరున
మకిమ తోడ, నింక మనసున కెక్కడి
మూడు నెలల కొక్క ముద్దుగుమ్మ?

నిర్వాహకురాలు: కాకువుతో, అంటే ప్రశ్నించే స్వరంతో, చక్కగా గట్టెక్కింది. గణాలన్నీ సరే.