"నత్సుకషీ" అంటే బెంగ కాదు, మరి మన మాట ఏది?

సభ్యులందరికీ నమస్కారం. మూడు వారాలుగా 'నత్సుకషీ' అనే ఒకే జపాన్ మాట దగ్గర ఆగిపోయాను, దానికి తెలుగు దొరకడం లేదు. మీ సాయం కావాలి.

నేను టోక్యోలో నిషి కసాయి వైపు ఉంటాను. ఆమధ్య ఆఫీసు వాళ్లం ఆరుగురం కరావోకేకి వెళ్లాం. నేను తప్ప మిగతావాళ్లంతా జపాన్ వాళ్లే. అందరం ముప్పై దాటి నలభై లోపు వాళ్లమే. ఎవరో రిప్ స్లైమ్ అనే ర్యాప్ బృందం 2002లో తెచ్చిన 'రకుఎన్ బేబీ' పెట్టారు. పాట మొదలైందో లేదో, నలుగురు ఒక్కసారే "నత్సుకషీ!" అన్నారు, చివరి ఈకారాన్ని బాగా సాగదీసి. అంతే, ఒక్క మాట. అందులో కర్త లేదు, క్రియ లేదు. ఎవరికి, ఏది అని చెప్పే పనే లేదు.

పక్కన కూచున్న సహోద్యోగి "దీన్ని మీ భాషలో ఏమంటారు?" అని అడిగింది. నేను ఆలోచించకుండా "బెంగ" అనేశాను. బెంగ అంటే ఏమిటో చెప్పమంది. హాస్టల్లో చేరిన కొత్తలో పిల్లలు అమ్మ మీద బెంగ పెట్టుకుంటారు, అన్నం సయించదు, ఒక్కోసారి జ్వరం కూడా వస్తుంది అని చెప్పాను. ఆవిడ మైకు బల్ల మీద పెట్టి తల అడ్డంగా ఊపింది. "కాదు కాదు, ఇప్పుడు నా మొహం చూడు. నేను సంతోషంగా ఉన్నాను" అంది.

నిజమే, చూశాను. కళ్లు పెద్దవయ్యాయి, నోరు తెరుచుకుని ఉంది. చిన్నప్పటి స్నేహితురాలు బస్టాండులో ఎదురుపడితే ఉండే మొహం అది. బెంగ పెట్టుకున్న మొహం కాదు.

ఇంటికొచ్చాక తవ్వడం మొదలుపెట్టాను. మనం తెలుగులో కూడా వాడేస్తున్న నాస్టాల్జియా అన్న మాటని 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసం కోసం గ్రీకు నుంచి అతికి తయారుచేశాడు. నోస్టోస్ అంటే ఇల్లు చేరడం, ఆల్గోస్ అంటే నొప్పి. అంటే అది పుట్టుకతోనే జబ్బు పేరు. మన బెంగకి అది సరిగ్గా సరిపోతుంది, జ్వరంతో సహా.

నత్సుకషీ దారి వేరు. దాని మూలం 'నత్సుకు' అనే క్రియ. కుక్కపిల్ల కొత్త మనిషికి అలవాటుపడి కాళ్ల చుట్టూ తిరిగితే ఆ క్రియ వాడతారు. పసిపిల్ల కొత్త పిన్ని చంక దిగకపోతే కూడా అదే. మనకి దానికి చక్కటి మాటలున్నాయి: మచ్చిక, మాలిమి. "పిల్లాడు నాకు బాగా మాలిమయ్యాడు" అంటాం చూడండి, అచ్చం అది. పాత జపనీస్‌లో 'నత్సుకషి' అంటే గతంతో సంబంధమే లేదు. దగ్గరగా ఉండాలనిపించేది అని అర్థం. జ్ఞాపకాలు, పాత రోజులు అన్న అర్థం తర్వాతి శతాబ్దాల్లో వచ్చి చేరింది.

'మన్‌యోషూ' అనే జపాన్ ప్రాచీన పద్య సంకలనం ఎనిమిదో సంపుటిలో యమాబె నో అకాహితో చెప్పిన పద్యం ఒకటి ఉంది. ఎనిమిదో శతాబ్దపు కవి ఆయన.

హరు నొ నొ ని
సుమిరె త్సుమి ని తొ
కొషి వరె జొ
నొ ఒ నత్సుకషిమి
హితొయొ నె ని కెరు

నా తెలుగు ఇది: "వసంతం వచ్చిన బీడు నేలలో సుమిరె అనే చిన్న ఊదా పూలు కోసుకుందామని వచ్చినవాణ్ణి, ఆ బీడు విడిచి పోబుద్ధి కాక ఒక రాత్రి అక్కడే పడుకున్నాను." నాలుగో పాదంలో ఉన్నది మన మాటే. అక్కడ గతం లేదు, పోగొట్టుకున్నది లేదు. కళ్లెదుట ఉన్న నేల మీదే ఆ మాట వాడాడు. "విడిచి పోబుద్ధి కాక" అని రాసుకున్నాక నా చెయ్యి ఆగిపోయింది. దాదాపు పదమూడు వందల ఏళ్ల వయసున్న మాట, కరావోకే గదిలో ర్యాప్ పాట వినగానే నలుగురి నోటి నుంచి ఒక్కసారే వచ్చింది.

నా ప్రశ్న ఇది. పాత పాట వినగానే తెలుగువాడి నోటి నుంచి తన్నుకొచ్చే ఆ ఒక్క మాట ఏది?

*

వ్యాఖ్య (వరంగల్ నుంచి): అన్నా, మా దిక్కు యాది ఉన్నది గద. "పాత దినాలు యాదికొచ్చినయి" అంటం. అందుల ఏడుపు ఉండాలని లేదు, నవ్వుకుంట కూడ అంటం.

నా జవాబు: మంచి మాట తమ్ముడూ, బెంగ కంటే చాలా దగ్గర. దుఃఖం దానికి అంటుకుని లేదన్నది సరైన గమనిక. కాకపోతే యాది మనిషి తలలో ఉంటుంది. నత్సుకషీ పాటలోనే ఉంటుంది. "ఈ పాట నత్సుకషీ" అంటారు, అది పాటకి విశేషణం. "ఈ పాట యాది" అనలేం కదా.

*

వ్యాఖ్య: ర్యాప్ పాటలకి ఇంత భావం అంటగట్టడం నాకు కొరుకుడు పడలేదండీ. జపాన్ వాళ్లకి పాత పాటలంటే వేరే ఉంటాయి కదా?

నా జవాబు: ఉన్నాయండీ. వాటికి 'నత్సుమెరొ' అనే పేరే ఉంది. నత్సుకషీలోంచి సగం, మెలొడీలోంచి సగం తీసి అతికిన మాట. ఒకప్పుడు తాతల కాలం పాటలకే ఆ పేరు. కానీ నా ఈడువాళ్లు స్కూల్లో ఉన్నప్పుడు అక్కడ టీవీలో, సీడీ షాపులో హిప్ హాప్ ముందు వరుసలో ఉంది. 1994లో ఈస్ట్ ఎండ్ ప్లస్ యూరి బృందం తెచ్చిన 'దా యొ నె' పదిలక్షలు దాటి అమ్ముడైంది. ఆ పేరుకి అర్థం "అంతే కదా". భాషాప్రియులకి ఇందులో ఇంకో ముచ్చట ఉంది. ఆ పాటని ఊరూరి యాసలో మళ్లీ పాడి విడుదల చేశారు. ఒసాకాకి 'సొ యా నా', హొక్కైదోకి 'దా బె సా', హకాతాకి 'సొ తా ఇ'. "గంతే గద", "అంతే కదండీ" అని ఒకే పాట వరంగల్‌కి ఒకటి, అమలాపురానికి ఒకటి వచ్చిందనుకోండి!

ఆ పాట మా కంటే ముందు వాళ్లది. మా వాళ్లవి 1999 నుంచి మొదలవుతాయి. 2005లో కెత్సుమేషి బృందం 'సకుర' తెచ్చింది. అక్కడ బడి చదువు మార్చిలో ముగుస్తుంది, ఏప్రిల్‌లో కొత్త తరగతి. సకుర పూలు ఆ రెంటికీ మధ్య పూస్తాయి. అందుకే ఆ పూల పేరున్న ప్రతి పాటకీ ఒక వీడ్కోలు అంటుకుని ఉంటుంది. ఇంకో మాట, కెత్సుమేషి అన్నది మందు గింజ పేరు. మన చేలగట్ల మీద మొలిచే తగిరిస, అదే తంటెం, ఆ జాతి గింజ. బృందంలో ఇద్దరు ఫార్మసీ చదివినవాళ్లు మరి.

అసలు హిప్ హాప్ పుట్టుకే పాత పాటని దగ్గరికి తీసుకోవడంతో, పాత రికార్డులోని ముక్క తీసి దాని మీద కొత్త పాట కట్టడంతో. నుజబెస్ అనే నిర్మాత ఉండేవాడు. అసలు పేరు సెబా జున్, దాన్ని రోమన్ లిపిలో వెనక నుంచి రాసి పేరు పెట్టుకున్నాడు. 2010 ఫిబ్రవరిలో రోడ్డు ప్రమాదంలో పోయాడు, అప్పటికి 36 ఏళ్లు. 'సమురాయ్ చంప్లూ' అనే 2004 నాటి సీరియల్ కోసం ఆయన చేసిన 'అరువారియన్ డాన్స్' వినండి. అందులోని గిటారు బ్రెజిల్‌వాడు లౌరిందో అల్మైదా వాయించినది. అల్మైదా వాయించింది 1939 నాటి ఒక అమెరికన్ పాట. ఆ పాట బాణీ ఫ్రాన్స్‌లో రావెల్ 1899లో పియానో కోసం రాసిన పవాన్ నుంచి వచ్చింది. నూరేళ్ల పైచిలుకు ఒక బాణీని విడిచి పోబుద్ధి కాక నాలుగు దేశాల వాళ్లు పట్టుకుని కూచున్నారు. ఆ బీడు నేలలో రాత్రి పడుకున్న కవికీ వీళ్లకీ తేడా నాకు కనపడదు.

*

వ్యాఖ్య (రిటైర్డ్ తెలుగు పండితులు): నాయనా, జపాన్ భాషలో కూడా మనలాగే క్రియ చివరికి వస్తుందని విన్నాను. మరి అంత్యప్రాస ఎలా కట్టుతారు? వచ్చాడు, పోయాడు, తిన్నాడు అని పేర్చుకుంటూ పోతే అది ప్రాస అనిపించుకోదే.

నా జవాబు: మాస్టారూ, గురి చూసి అడిగారు. అక్కడి ర్యాపర్లని మొదట్లో ఇబ్బంది పెట్టింది ఇదే. వాక్యం చివర ఎప్పుడూ 'మసు', 'దెసు', 'త' ఇవే వస్తాయి. అవి కలిస్తే ఎవరికీ గొప్ప కాదు. అందుకని క్రియని తీసేసి నామవాచకంతో పాదం ముగించడం అలవాటు చేసుకున్నారు. దానికి 'తైగెన్‌దొమె' అని పేరు, పాత పద్యాల నుంచి వస్తున్న పద్ధతే. దానితోపాటు హల్లులు కలవకపోయినా అచ్చుల వరుస కలపడం పెంచారు. 1995లో కింగ్ గిద్ద్రా బృందం మొదటి ఆల్బమ్‌తో ఈ పని బాగా ముందుకు నడిచింది.

ఒక్క ఉదాహరణ చాలు. 1999లో డ్రాగన్ ఆష్ బృందం తెచ్చిన 'గ్రేట్‌ఫుల్ డేస్' పాటలో జీబ్రా అనే ర్యాపర్ పాడిన పాదాలు మా ఈడు జపాన్ వాళ్లలో రానివాళ్లుండరు. టోక్యోలో పుట్టినవాణ్ణి, హిప్ హాప్‌లో పెరిగినవాణ్ణి, రౌడీల్లా కనపడేవాళ్లు దాదాపు అందరూ నా నేస్తాలే అని అర్థం. ఒక పాదం చివర 'సొదచి', పెంపకం. రెండో పాదం చివర 'తొమొదచి', నేస్తం. 'ఒ-ద-చి' మొత్తం కలిసింది, రెండూ నామవాచకాలే, ఒక్క క్రియ కూడా లేదు. నోట్లో తిప్పుకుని చూడండి, ఎంత కుదురుగా కూచుంటుందో.

ప్రాస కలపడాన్ని వాళ్లు "ఇన్ ఒ ఫుము" అంటారు. మాటకి మాట తెస్తే ప్రాసని తొక్కడం. పాదం కింద పెట్టే చోటు తెలిసి అడుగు వెయ్యడం అన్నమాట. పద్యంలో లైనుని పాదం అని పిలిచే మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మనం ద్వితీయాక్షరం మీద, అంటే పాదం మొదట్లోనే అడుగు తొక్కుతాం, వాళ్లు చివర తొక్కుతున్నారు.

*

వ్యాఖ్య: అమెరికన్ ర్యాప్‌లో "బ్యాక్ ఇన్ ద డే" అంటుంటారు కదా, అదీ ఇదీ ఒకటే కాదా అన్నయ్యా?

నా జవాబు: దగ్గరే, ఒకటి మాత్రం కాదు. అది "ఆ రోజుల్లో" అన్నట్టు, కాలాన్ని వేలు పెట్టి చూపిస్తుంది. 1994లో అహ్మద్ అనే కుర్రాడు ఆ పేరుతోనే పాట తెచ్చాడు. అప్పటికి అతనికి 18 ఏళ్లు. అంత చిన్నవాడు కూడా వెనక్కి తిరిగి చూడాల్సిందే, ఆ మాట అలా తిప్పుతుంది. నత్సుకషీ మనల్ని ఎక్కడికీ తీసుకుపోదు. పాటే నడిచొచ్చి మన పక్కన కూచుంటుంది.

*

వ్యాఖ్య: మా అమ్మమ్మ మమ్మల్ని చూడగానే "ప్రాణం లేచొచ్చింది" అనేది. అది పనికొస్తుందా?

నా జవాబు: చదవగానే మా అమ్మమ్మ గొంతు వినిపించిందండీ. కానీ ప్రాణం లేచి రావాలంటే ముందు కొంచెం కుంగి ఉండాలి. అది బెంగ తీరినప్పుడు అనే మాట. కరావోకే గదిలో ఎవరూ ఆ పాట కోసం ఎదురు చూడట్లేదు.

*

వ్యాఖ్య: మీరు పుస్తకాల్లో వెతుకుతున్నారు గానీ, మేం కార్లో పోతుంటే ఇంటర్ నాటి పాట వస్తే ఏమంటామో తెలుసా? "ఏయ్, మన పాట!" అంటాం. వాల్యూమ్ పెంచుతాం. అంతే.

నా జవాబు: అమ్మా, మీకు చేతులెత్తి దణ్ణం. మూడు వారాలుగా విశేషణం కోసం వెతుకుతున్నాను, మీరు సర్వనామం తెచ్చిచ్చారు. "మా పాట" కాదు, "మన పాట". వింటున్నవాణ్ణి కూడా లోపలికి లాక్కునే మాట. జపనీస్‌లో మా, మన అనే తేడా లేదు, వాళ్లకి ఉన్నదల్లా ఒకటే.

ఈ శనివారం మళ్లీ వెళ్లాం. హోమ్ మేడ్ కజోకు వాళ్ల 'నగరెబొషి' ఎవరో పెట్టారు. నరుతో షిప్పూడెన్ అనే జపాన్ కార్టూన్ సీరియల్ మొదటి ముగింపు పాట, 2007 నాటిది. పేరుకి అర్థం పారే చుక్క. మనకి చుక్క రాలుతుంది, వాళ్లకి పారుతుంది. హాస్టల్లో ఒకడి దగ్గర కంప్యూటర్ ఉంటే ఎనిమిది మందిమి మంచం మీద ఎగబడి చూసేవాళ్లం. ఎపిసోడ్ అయిపోయినా ఆ పాట అయ్యేదాకా ఎవరూ లేచేవాళ్లు కాదు. అర్థం ఒక్క ముక్క తెలియదు.

మొదటి బీట్ పడగానే నా నోటి నుంచి తెలుగే వచ్చింది: "ఏయ్, మన పాట!"

సహోద్యోగి ఏమన్నావని అడిగింది. 'మన' అంటే మీతో కలిపి మేమందరం అని చెప్పాను. "ఇండియాలో హాస్టల్లో విన్నది నువ్వు, నగోయాలో స్కూలు బస్సులో విన్నది నేను. నేను కూడా అందులో ఉన్నట్టేనా?" అంది. ఉన్నట్టే అన్నాను. "మన పాట" అని రెండుసార్లు పలికి చూసుకుంది. 'ట'ని 'త'గా పలికింది, నేను దిద్దలేదు. రెండో మైకు నా చేతికిచ్చింది.