సమస్య: “మూలఁ బడిన పెట్టె మ్రోగె మిగుల”

నిర్వాహకుడు: ఇంట్లో కట్టుకున్న పన్నెండంగుళాల స్పీకరు పెట్టెలు హాల్లో ఎక్కడుండాలన్నది ఆలుమగల మధ్య తెగని పేచీ. మూలపడింది మూగపోవాలి కదా, మరి ఎలా మ్రోగింది? కానివ్వండి.

శబ్దమిత్ర:
ఇంతి కోరె ననుచు నిరుగోడలకుఁ జేర్చ
గోడ నేల కలిసి గొంతుఁ బెంచె
మంద్రమంత నిండె మందిరమ్మంతట
మూలఁ బడిన పెట్టె మ్రోగె మిగుల

దగ్గరైన ఒక్కో గోడకూ మంద్రం 6 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. అమెరికా స్పీకర్ల రూపకర్త పాల్ క్లిప్ష్ 1940లలోనే గది మూలను హారన్‌కు (శబ్దాన్ని పెంచే గరాటుకు) కొనసాగింపుగా వాడుకున్నాడు.

కొయ్యబొమ్మ: మూడో పాదం చెవికింపుగా ఉంది. కానీ పోయిన సమస్యలో మీరే పెట్టెను గోడకు గజం దూరం జరపమన్నారు. అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. గజం దూరమైతే వెనకగోడ నుంచి తిరిగొచ్చిన శబ్దం 94 హెర్ట్జ్ దగ్గర అసలు శబ్దానికి ఎదురుపడి దాన్ని తగ్గించేసి, మృదంగం ఎడమ మూతి మంద్రం తేలిపోతుంది. మూలలో ఆ బాధ తప్పుతుంది గానీ, 4 మీటర్ల గదికి సహజమైన 43 హెర్ట్జ్ గుయ్యిమని లేస్తుంది. అందుకే:

అటక మీది గిన్నె లన్నియు నదిరెను
కిటికి రెక్క లెల్ల గిలక లయ్యె
గొట్టమందు గుడ్డ కుక్కక విడువఁగా
మూలఁ బడిన పెట్టె మ్రోగె మిగుల

శబ్దమిత్ర: ‘గిలక లయ్యె’కు దండం! ‘గుడ్డ’కు మాత్రం కాదు. పెట్టెకుండే గాలిగొట్టంలో (పోర్టులో) వదులుగా కుక్కిన గుడ్డ లోపలికి జారి కోన్‌కు, అంటే స్పీకరులో ఊగే గరాటుకు, తగులుతుంది. స్పాంజిని బిగువుగా చుట్టి దూర్చాలి. అప్పుడది దాదాపు మూసిన పెట్టే, అట్టడుగు స్వరాలకు కోన్ అదుపు తప్పి ఊగదు. ‘గొట్టమందు స్పాంజి’ అనండి.

కొయ్యబొమ్మ: ‘స్పా’ ముందు ‘దు’ గురువైపోదా?

శబ్దమిత్ర: వేరే మాట కదండీ. సమస్యలో ‘మ్రో’ ముందు ‘ట్టె’ గురువైందా?

కొయ్యబొమ్మ: సరే, స్పాంజే. అయితే మూలకని కొత్తగా కట్టేవాళ్ళు మొదటే గొట్టం లేని మూసిన పెట్టె కట్టాలి, క్యూ (మంద్రం ఎంత గుయ్యిమంటుందో చెప్పే అంకె) 0.7 బదులు 0.5 దగ్గర. అందుకు పెట్టె ఇంకా పెద్దదవుతుంది, ఇంట్లో ముందే ఒప్పించుకోవాలి.

పద్యప్రియ: నా రెండో పాదం చూడండి: “పైనఁ బూలకుండీ పడఁతి యుంచె”

నిర్వాహకుడు: అమ్మా, ‘కుండీ’ దీర్ఘంతో మూడో గణం పోయింది. ‘కుండి’ చాలు. పైన కుండి పెట్టడమే అసలు ప్రమాదం. పళ్ళెం పొర్లితే ఎండీఎఫ్ (చెక్కపీచు నొక్కి చేసిన పలక) అంచు ఉబ్బి అతుకు విడుతుంది, గాలి కారుతుంది. 18 మిల్లీమీటర్ల బీడబ్ల్యూపీ (నీటికి తట్టుకునే) ప్లైవుడ్ వాడి, అంచులకు టేకు బీడింగు అతికించి, పైన గాజుపలక వేస్తే కుండి ఉండనీయవచ్చు. కొయ్యబొమ్మ గారి అటక గిన్నెల విషయానికొస్తే, ఒక్కో గిన్నె మధ్య పాతచీర ముక్క వేస్తే ఆ చప్పుడు ఆగుతుంది.