అప్‌డేట్: షాపు, గోడౌన్ మధ్య ఫోన్ల గొడవ తీరింది

విజయవాడ వన్‌టౌన్ షాపుకీ గొల్లపూడి గోడౌన్‌కీ మధ్య కాల్స్ తెగిపోతున్నాయని, కొత్త ఐపీ ఫోన్ (ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్) సిస్టమ్ కొనాలా అని నెల కిందట అడిగాను. ముందు కేబుల్ చూడమన్నవాళ్లకు చాలా థ్యాంక్స్ అండీ. తప్పు అక్కడే ఉంది. గోడౌన్‌లో ఒకే వైరు 130 మీటర్లు లాగేశారు. ఈథర్‌నెట్ రాగి కేబుల్‌కి హద్దు 100 మీటర్లే. దాని బదులు ఫైబర్ వేయించాం.

ఒక్కో కాల్‌కి 100 కేబీపీఎస్ (సెకనుకు 100 కిలోబిట్ల) నెట్ స్పీడు కూడా పట్టదు, అందుకే స్పీడు పెంచలేదు. ఆ డబ్బుతో వేరే కంపెనీ నెట్ లైను రెండోది తీసుకుని, రౌటర్‌లో కాల్స్‌కి ముందు దారి ఇచ్చాం. కరెంటు పోయినా ఆగకుండా ఫైబర్ మోడెమ్‌నీ యూపీఎస్ మీద పెట్టించింది మా నాన్నగారు. పాత ల్యాండ్‌లైన్ నంబరు మాత్రం వదల్లేదు. ఖాతాదారులు ఇరవై ఏళ్లుగా దానికే చేస్తున్నారు.