500 కార్ల స్పెషల్ వేరియంట్: సామాను తీసేస్తే ధర పెరగడమేంటి?

ఆరోగేరు:
వెనక సీటు, ఏసీ తీసేసి 500 కార్లే చేసే ట్రాక్ వేరియంట్‌కి (రేస్ ట్రాక్ కోసం మార్చిన రకం) మామూలు మోడల్ కన్నా అంత ఎక్కువ ధర ఎందుకు? కార్బన్ ఫైబర్ బానెట్ ఖరీదు కలిపినా లెక్క తేలడం లేదు. నిజంగా అంత ఖర్చవుతుందా, లేక అరుదైన కారని దొరికినంత లాగుతున్నారా?

గ్రాములెక్క:
రెండూ ఉన్నాయండి, కానీ ఖర్చు మాట నిజమే. మీరు విడిభాగాల ధర చూస్తున్నారు. ఒక్క కారు కూడా అమ్మకముందే అయిపోయే ఖర్చు చూడండి. అది 3 కోట్ల యూరోలు అనుకుందాం. 5,000 కార్లకు పంచితే ఒక్కోదానికి 6,000. 500 కార్లకైతే 60,000. ఏసీ తీసేస్తే మిగిలేది ఇందులో ఏ మూలకీ చాలదు.

ఆ ఖర్చు ఎక్కడొస్తుందంటే, వెనక భాగం తేలికైతే స్ప్రింగులు, డాంపర్లు (స్ప్రింగుల ఊపుని అదుపు చేసేవి) మారతాయి. వాటితో పాటు ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ఈఎస్‌పీ (కారు జారిపోకుండా చూసేది) ట్యూనింగ్ తడి రోడ్డు మీద, మంచు మీద మళ్లీ చేయాలి. గేర్‌బాక్స్ మార్చారా, ఉద్గారాల పరీక్షలు మళ్లీ మొదటికొస్తాయి.

ప్రెస్‌షాప్:
బాడీ ప్యానెళ్ల సంగతి చెప్తాను, ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ఫెండర్‌ని (చక్రం మీది బాడీ ప్యానెల్) 20 మి.మీ. వెడల్పు చేయాలంటే ఒక్క డై (రేకుని నొక్కి ఆకారం తెచ్చే అచ్చు) సరిపోదు. సాగదీయడానికి, అంచు కోయడానికి, మడవడానికి వరసగా నాలుగైదు డైలు కావాలి. కార్బన్‌కి ఒక అచ్చు చాలు, కానీ ప్రతి ముక్కకీ చేతిపని, ఆటోక్లేవ్‌లో (వేడి, ఒత్తిడితో గట్టిపరిచే ఓవెన్) గంటలు.

ఊహాలెక్క: స్టీలు డైలు 20 లక్షల యూరోలు, ముక్క 100. కార్బన్ అచ్చు 1 లక్ష, ముక్క 1,500. అచ్చుల తేడా 19 లక్షలని ముక్క ధరల తేడా 1,400తో భాగిస్తే సుమారు 1,357. అంతకన్నా తక్కువ కార్లయితే కార్బనే చవక. కొన్ని వేరియంట్లలో కార్బన్ రావడానికి బరువుతో పాటు ఈ లెక్క కూడా కారణం.

తిప్పలూ ఉన్నాయి. పెయింట్ ఓవెన్ వేడికి నేత గుర్తులు పైకి తేలతాయి. అల్యూమినియం బ్రాకెట్ నేరుగా తగిలితే తుప్పు పడుతుంది, మధ్యలో గ్లాస్ ఫైబర్ పొర వేయాలి. బానెట్ మరీ గట్టిగా ఉంటే పాదచారి తల తగిలే పరీక్షలో పోతుంది.

టార్క్‌రెంచ్:
రెండు కార్లు పక్కపక్కన పెట్టి చూడండి. లెక్సస్ ఎల్‌ఎఫ్‌ఏ: 500 కార్లు, నెలకు 20. అభివృద్ధి మధ్యలో అల్యూమినియం వదిలి కార్బన్‌కి మారారు. వీ10 (పది సిలిండర్ల) ఇంజిన్ దానికోసమే పుట్టింది. ఖర్చు పంచుకోవడానికి ఇంకో మోడల్ లేదు. అమెరికాలో 3,75,000 డాలర్లకు అమ్మినా లాభం కోసం చేసిన కారు కాదది.

పోర్షే 911 ఆర్ (2016): 991 కార్లు. 4.0 లీటర్ల ఇంజిన్ 911లోనే ఇంకో వేరియంట్ జీటీ3 ఆర్‌ఎస్ నుంచి వచ్చింది. కార్బన్ ఫెండర్లు, మెగ్నీషియం పైకప్పు కూడా అందులో అప్పటికే వాడిన పద్ధతులే. ఆరు గేర్ల మాన్యువల్ మరుసటి ఏడాది జీటీ3లో కూడా ఇచ్చారు. నా దృష్టిలో వేరియంట్ ఎలా చేయాలో చెప్పే పాఠం ఇదే.

ఆరోగేరు:
అర్థమైంది, థాంక్సండీ. మరి తక్కువ ఖర్చుతో నిజంగా తేడా తెలిసే మార్పులు ఏవి?

గ్రాములెక్క:
డాంపర్లు, యాంటీ రోల్ బార్లు (మలుపుల్లో కారు పక్కకి వాలడం తగ్గించేవి), బ్రేక్ ప్యాడ్లు, టైర్లు. బాడీని ముట్టుకోనక్కర్లేదు, కారు మెయిన్ లైన్ మీదే తయారవుతుంది. సీట్లు కూడా సులువనిపిస్తాయి గానీ జాగ్రత్త. పక్క ఎయిర్‌బ్యాగ్ సీటు లోపలే ఉంటే సీటు మార్చగానే క్రాష్ టెస్ట్ మెడకు చుట్టుకుంటుంది. ఏసీ తీసేసినా వైరింగ్ హార్నెస్ (కారులోని వైర్ల కట్ట) అలాగే వదిలేసి కనెక్టర్లకు మూతలు పెట్టడం మేలు. 500 కార్లకు కొత్త హార్నెస్ చేయిస్తే రెండు కిలోలు కూడా తగ్గదు, స్పేర్ల కోసం ఇంకో పార్ట్ నంబరు ఏళ్ల తరబడి స్టాకులో ఉంచాలి.