చెట్ల పుప్పొడికి లిక్విడ్ నైట్రోజన్ కావాలా, ఫ్రీజర్ చాలదా?

అంటుకొమ్మ: పైన్ బ్రీడింగ్ చేసే మా బృందంలో ఈ వాదన ఎంతకీ తెగడం లేదు. పుప్పొడినంతా −196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్‌లో దాచాలని కొందరు, −20 ఫ్రీజర్ చాలని కొందరు. మీరేమంటారు?

గింజలగది: ఫ్రీజర్ చాలు. బాగా ఆరిన పైన్ పుప్పొడి అందులో కొన్నేళ్లు నిలుస్తుంది. ముందు పూసిన చెట్టు పుప్పొడిని ఆలస్యంగా పూసే చెట్టుకో, వచ్చే సీజన్‌కో అందించడమే కదా మన పని! పాత తండ్రి చెట్టు మళ్లీ కావాలంటే అంటు కట్టిన చెట్లు ఉండనే ఉన్నాయి.

నీలిపైన్: గింజలగది గారూ, ఆ అంటు చెట్లే పోతే? ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు 2002లో ఉత్తర అమెరికాలో బయటపడింది. అప్పటి నుంచి కోట్ల యాష్ చెట్లను చంపేసింది. ఇంకో సంగతి. తల్లి చెట్లను పోల్చడానికి చాలా తండ్రుల పుప్పొడి కలిపి వాడతాం. పదేళ్ల తర్వాత పరీక్షించే తల్లులకూ అదే మిశ్రమం దొరికితేనే పోలిక నిలుస్తుంది. దానికి ఫ్రీజర్‌ను నేను నమ్మను.

గింజలగది: మిశ్రమం విషయం ఒప్పుకుంటాను. కానీ జాతి మొత్తం పోతే పుప్పొడి ఒక్కటే ఏం చేస్తుంది? అందులో ఉండేది సగం జన్యువులే, స్వీకరించడానికి బతికున్న తల్లి చెట్టు ఉండాలి. విత్తనాలు దాచడానికే ముందు డబ్బు పెట్టాలి.

తేమశాతం: ఇద్దరూ చల్లదనం దగ్గరే ఆగిపోయారు. నా దృష్టిలో అసలు గొడవ తేమతో. పైన్ పుప్పొడిలో తేమ 10 శాతం దాటితే గడ్డకట్టేటప్పుడు లోపల మంచు స్ఫటికాలు ఏర్పడి కణాలను చీల్చేస్తాయి. అప్పుడు నైట్రోజన్ కూడా కాపాడలేదు. అలాగని మొక్కజొన్న పుప్పొడిని ఇంతలా ఆరబెడితే చచ్చిపోతుంది, కాబట్టి ఏ జాతికి ఎంత అన్నది ముందే పరీక్షించుకోవాలి. మంచు పేరుకోకుండా తనంతట తానే వేడెక్కే ఫ్రీజర్లు అస్సలు వద్దు. ఒకే పెద్ద సీసాను మాటిమాటికీ తెరవడం కూడా అంతే చెడు. చిన్న సీసాల్లో పోసి, గాలి చొరకుండా మూసి, ఒక్కో క్రాసింగ్‌కు, అంటే ఒక చెట్టు పుప్పొడిని మరో చెట్టుకు అందించే ప్రతిసారికీ, ఒక్కోటి తీయండి.

అంటుకొమ్మ: మొలక పరీక్ష బాగా వస్తే నమ్మవచ్చా?

తేమశాతం: సగమే నమ్మండి. ముందు తేమ గాలిలో కాసేపు ఉంచకుండా పరీక్షిస్తే మంచి పుప్పొడి కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. పుప్పొడి నుంచి నాళం మొలిచినంత మాత్రాన గింజ కడుతుందనీ లేదు. పైన్‌లో పుప్పొడి పడ్డాక ఫలదీకరణకే దాదాపు ఏడాది పడుతుంది, కాయ పండేది ఆ తర్వాతే. అందుకే దాచిన ప్రతి బ్యాచ్‌తోనూ వేరే పుప్పొడి పడకుండా సంచులు కట్టిన కొన్ని కొమ్మల మీద క్రాసింగ్ చేసి గింజలు లెక్కపెట్టండి. ఆ లెక్క వచ్చాక, మళ్లీ సేకరించలేని చెట్ల పుప్పొడిని నైట్రోజన్‌కు పంపండి. మిగతాది ఫ్రీజర్‌లోనే ఉండనివ్వండి.