ఈత రాదు. హావ్‌లాక్‌లో స్కూబా చేయాలా, వద్దా?

సముద్రమంటే_దడ:
జనవరిలో ముగ్గురం బ్యాగులు భుజాన వేసుకుని అండమాన్ వెళ్తున్నాం. పోర్ట్‌బ్లెయిర్, హావ్‌లాక్, నీల్, మొత్తం పది రోజులు. హాస్టల్ బెడ్లు, ప్రభుత్వ పడవలు, అద్దె స్కూటీ, అంతే బడ్జెట్. (హావ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్, పోర్ట్‌బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం అని తెలుసు. టికెట్ కౌంటర్ దగ్గర ఆ పేర్లే చెప్తాను, ఇక్కడికి వదిలేయండి.)

గొడవల్లా ఒక్కటే. నాకు ఈత రాదు. మా ఫ్రెండేమో అండమాన్ వెళ్ళి స్కూబా (గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి దిగడం) చేయకపోతే తిరుపతి దాకా వెళ్ళి కొండెక్కకుండా వచ్చినట్టే అంటోంది. మా అన్నయ్యేమో "స్విమ్మింగ్ పూల్లో మెట్టు దిగనిదానివి, సముద్రంలో దిగుతావా" అంటున్నాడు. డబ్బు కట్టేముందు ఇక్కడ అడుగుదామనిపించింది. చేసినవాళ్ళూ చెప్పండి, వద్దనేవాళ్ళూ చెప్పండి. "నీ ఇష్టం" అని మాత్రం అనకండి.

బాటసారి_బడ్జెట్:
చెయ్యక్కా, ఆలోచించకు. మాది కరీంనగర్ పక్కన పల్లె, చెరువులో మోకాలి లోతు దాటినోణ్ణి కాదు. రెండేళ్ళ కింద హావ్‌లాక్‌లో ఒడ్డు నుంచి ట్రై డైవ్ (కోర్సు లేకుండ, తోడు మనిషితోని ఒక్కసారి దిగి చూసుడు) చేసిన, 4,500 అయింది. ముందు నడుము లోతు నీళ్ళలో నిలబెట్టి నేర్పిస్తరు: నోటితోనే గాలి పీల్చుడు, మాస్క్‌లకు నీళ్ళొస్తే ముక్కుతో ఊది బయటికి పంపుడు, చెవి నొప్పి పుట్టకముందే ముక్కు పట్టుకుని మెల్లగ ఊదుడు.

సైగలు కూడా చెప్తరు. బొటనవేలు పైకి చూపిస్తే అక్కడ "సూపర్" అని కాదు, "నన్ను పైకి తీస్కపో" అని. నేను చేపలు చూసిన సంబరంల బొటనవేలు చూపించిన. ఆయన పాపం నన్ను పట్టుకుని పైకి తెచ్చి "ఏమైంది?" అన్నడు. ఏం కాలే, బాగుంది అని చెప్పినంక మళ్ళ దింపిండు. తెల్ల చారల నారింజ చేప ఒకటి దాని ఇంట్లకెళ్ళి బయటికి ఉరికొచ్చి, నా మాస్క్ అద్దం దాకా వచ్చి, మొహంలకు చూసి పోయింది. నా చిటికెన వేలంత లేదు, నన్నే బెదిరించింది. ఆ ఒక్కటి చాలు నాకు.

గాజువాక_గజఈత:
తమ్ముడు చెప్పింది నిజమే, కానీ అది అన్నీ బాగా జరిగిన రోజు కథ. నేను సర్టిఫైడ్ డైవర్‌ని. నా మాట: ఈత నేర్చుకోకుండా దిగకండి.

"ఎంత లోతని, నాలుగైదు మీటర్లే కదా" అంటారు. పొరపాటు అక్కడే. పైన ఉన్న గాలి ఒత్తిడి ఒక వంతు అనుకుంటే, 10 మీటర్లు దిగేసరికి రెండు వంతులవుతుంది. మళ్ళీ అంత పెరగాలంటే ఇంకో 10 మీటర్లు దిగాలి, కానీ అప్పుడు రెండు నుంచి మూడే, రెట్టింపు కాదు. అంటే మార్పు జోరుగా ఉండేది పైపై మీటర్లలోనే. చెవులు పట్టేసేదీ అక్కడే. 10 మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, భయంతో బిగబట్టి పైకి దూసుకొస్తే ఆ గాలి రెట్టింపు అవ్వాలని చూస్తుంది. ఊపిరితిత్తులు రెట్టింపు కావు. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదన్నది స్కూబాలో మొదటి పాఠం. నీళ్ళంటే భయమున్న మనిషి మొట్టమొదట చేసే పనేమో ఊపిరి బిగబట్టడం!

ఇంకోటి, హెల్త్ ఫారం. ఆస్తమా ఉందా, ఫిట్స్ వచ్చాయా, చెవి ఆపరేషన్ అయిందా అని అడుగుతారు. సెలవు వృథా అవుతుందని జనం అన్నిటికీ "లేదు" అని టిక్ పెట్టేస్తారు. ఒకసారి నా పక్కన కూర్చున్నాయన అలాగే పెట్టి, పడవ కదిలాక జేబులోంచి ఇన్‌హేలర్ తీసి రెండు పఫ్‌లు పీల్చాడు. నా గుండె ఆగినంత పనైంది.

బాటసారి_బడ్జెట్:
అట్లయితే విమానం ఎక్కాలంటే ఎగరుడు రావాలె అన్నా.

గాజువాక_గజఈత:
విమానంలో భయమేస్తే నువ్వు తలుపు తీసుకుని బయటికి పోవు తమ్ముడూ. నీళ్ళలో పోతారు.

జంగ్లీఘాట్_కుర్రాడు:
నేను మాట్లాడొచ్చా? పుట్టింది పోర్ట్‌బ్లెయిర్‌లో. తాతగారి కాలంలో శ్రీకాకుళం నుంచి చేపల వేటకని వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం మాది. హావ్‌లాక్‌లో నాలుగు సీజన్లు డైవ్‌మాస్టర్‌గా, అంటే జనాన్ని నీళ్ళలోకి వెంట తీసుకెళ్ళే గైడ్‌గా చేశాను. ఇద్దరూ సగం సగం కరెక్టు.

ట్రై డైవ్ వేరు, కోర్సు వేరు. ట్రై డైవ్‌కి ఈత రావాలన్న నియమం లేదు, లోతు 12 మీటర్లు దాటకూడదు, అనుభవమున్న మనిషి మీతోనే ఉండాలి. డైవింగ్ నేర్పే మొదటి కోర్సు, ఓపెన్ వాటర్ కోర్సుకైతే ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు దేన్నీ పట్టుకోకుండా తేలాలి. అది పాసైతే 18 మీటర్ల దాకా జోడీతో మీరే వెళ్ళొచ్చు. మొదటిదాంట్లో, కోపం తెచ్చుకోకండి, మీరు డైవర్ కాదు, సామాను. సిలిండర్ మెడ దగ్గర పట్టుకుని మిమ్మల్ని మోసుకెళ్ళేది మేము. మీ జాకెట్‌లో గాలి నింపేదీ మేమే, వదిలేదీ మేమే, ఎటు తిప్పితే అటే మీరు. (అది ఆక్సిజన్ సిలిండర్ కాదు. మనం పీల్చే మామూలు గాలినే ఒత్తిడితో కుక్కి నింపుతారు. ఎంతమందికి చెప్పానో.)

కాబట్టి అడగాల్సింది "నాకు ఈత వచ్చా" అని కాదు, "నన్ను మోసేవాడి చేతిలో ఇంకెంతమంది ఉన్నారు" అని. ఒక మనిషికి ఒక మనిషి ఉంటే ఈత రానివాళ్ళని కూడా ధైర్యంగా దింపాను. ఒక చేత్తో ఒకర్ని, ఇంకో చేత్తో ఇంకొకర్ని పట్టుకుని దిగే చోట్లూ ఉన్నాయి. ఇద్దరిలో ఒకరికి చెవి నొప్పెడితే రెండోవాళ్ళని ఏం చేయాలి? అలాంటి చోట చాంపియన్ ఈతగాడైనా దిగొద్దంటాను.

నీళ్ళలో ప్రాక్టీస్ ఎంతసేపు చేయిస్తారో కూడా అడగండి. ఒడ్డున నిలబెట్టి ఐదు నిమిషాల్లో చెప్పేసి దింపేస్తామంటే థాంక్స్ చెప్పి వచ్చేయండి.

కో_టావ్_వీరాభిమాని:
ఎవరూ అసలు పాయింట్ అనట్లేదు. ట్రై డైవ్‌కి నాలుగైదు వేలు, దానికి వీడియో, ఫోటోలు, అదీ ఇదీ కలిపి పోసే బదులు థాయ్‌లాండ్‌లో కో టావ్ వెళ్ళండి. బ్యాంకాక్ నుంచి రాత్రి బస్సో రైలో ఎక్కితే పొద్దున్నే చుంఫోన్, అక్కడ్నించి ఫెర్రీ. 21 చదరపు కిలోమీటర్ల బుల్లి దీవి, వీధికి రెండు డైవ్ షాపులు. పోటీ వల్ల కోర్సు చవక. నాలుగు రోజుల్లో కోర్సు పాసైనట్టు డైవర్ కార్డు చేతికొస్తుంది, జీవితాంతం పనికొస్తుంది.

జంగ్లీఘాట్_కుర్రాడు:
కార్డు మంచిదే, కాదనను. కానీ ఆవిడకి ఈత రాదన్నది మొదటి లైన్లోనే ఉంది సార్. 200 మీటర్లు కో టావ్‌లో కూడా 200 మీటర్లే.

గాజువాక_గజఈత:
😂

విజయనగరం_వాణి:
నేను రెండూ కాదనే మనిషిని. పగడాల మాట ఎవరూ ఎత్తలేదేం? పోయినేడాది నీల్‌లో స్నార్కెలింగ్ చేస్తూ (నీళ్ళ మీద తేలుతూ, నోట్లో గొట్టంతో గాలి పీలుస్తూ) చూశాను. ట్రై డైవ్‌కి దిగినావిడ కెమెరా కోసం ఒక చేత్తో హార్ట్ గుర్తు చూపిస్తూ, రెండో చేత్తో కొమ్మలు కొమ్మలుగా ఉన్న పగడాన్ని పట్టుకుని నిలదొక్కుకుంది. మోకాలు ఇంకో పగడం మీద. కొమ్మ విరిగింది. ఆవిడకి తెలియను కూడా తెలియలేదు. బండలా ఉండే పగడం ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకి మించి పెరగదు. 2010లో నీళ్ళు వేడెక్కి అండమాన్‌లో పగడాలు తెల్లబడి చాలా చచ్చిపోయాయి, మళ్ళీ 2016లో. మిగిలినవాటి మీద మనం మోకాళ్ళు పెట్టడం న్యాయమేనా?

థాయ్‌లాండ్‌లో మాయా బే అనే బీచ్‌ని జనం తాకిడి తట్టుకోలేక 2018లో మూసేసి 2022లో గానీ తెరవలేదు. తెరిచాక కూడా ఈతకి పోనివ్వలేదు. మనకా పరిస్థితి రాకముందే ఈత రానివాళ్ళకి ట్రై డైవ్ ఆపేస్తే మంచిదని నా అభిప్రాయం.

బాటసారి_బడ్జెట్:
వాణి మేడం, అప్పుడు నాలాంటోనికి సముద్రం లోపల చూసే రాతే లేదు. కోర్సుకు పాతిక ముప్పై వేలు యాడికెల్లి తేవాలె? ఈత కొలనున్న అపార్ట్‌మెంట్ల పుట్టినోళ్ళకే చేపలా?

జంగ్లీఘాట్_కుర్రాడు:
వాణి గారు చెప్పింది నా కళ్ళముందు రోజూ జరిగేదే. ఈత రానివాళ్ళ కాళ్ళు నేల కోసం వెతుకుతాయి. అక్కడ నేల ఉండదు, పగడం ఉంటుంది. మోసే మనిషి ఒక్కణ్ణే పట్టుకుంటే కాళ్ళు పైకి ఉంచగలడు. ఇసుక అడుగున్న చోట దింపితే అసలు ఆ గొడవే లేదు, కానీ అక్కడ ఫోటో బాగా రాదని కస్టమర్లే ఒప్పుకోరు.

ఆపేయాలంటే మాత్రం నేను ఒప్పుకోను. సీజన్లో రోజుకి ఐదారుగుర్ని దింపేవాణ్ణి. నా గది అద్దె కట్టింది, చెల్లెలి ఫీజు కట్టింది ఆ ట్రై డైవ్‌లే.

పనిలో పనిగా అందరికీ: విరిగిన పగడం ముక్క ఒడ్డున దొరికినా బ్యాగులో వేసుకోకండి. వన్యప్రాణి చట్టం కింద నేరం, ఎయిర్‌పోర్ట్‌లో స్కానర్‌కి దొరికిపోతారు.

గాజువాక_గజఈత:
రిటర్న్ ఫ్లైట్ సంగతి కూడా చెప్పు. ఇది ప్లాన్ వేసేటప్పుడే చూసుకోవాలి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రోజుల తరబడి చేస్తే కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి. లోపల ఒత్తిడికి ఒంట్లో కరిగిన నైట్రోజన్, పైన విమానంలో ఒత్తిడి తగ్గగానే సోడా మూత తీసినట్టు బుడగలు కడుతుంది. పొద్దున డైవ్, మధ్యాహ్నం పడవ, సాయంత్రం ఫ్లైట్ అని ప్యాకేజీ రాసిచ్చినవాణ్ణి చూశాను నేను.

సముద్రమంటే_దడ:
అందరికీ థాంక్స్, ముఖ్యంగా తిట్టుకుంటూనే చెప్పినవాళ్ళకి. ప్లాన్ తిరగేశాను. హావ్‌లాక్ ముందు, నీల్ తర్వాత, చివరి రెండు రోజులు పోర్ట్‌బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు, రాస్ ఐలాండ్. అంటే ఫ్లైట్ గొడవ లేదు. ఒక మనిషికి ఒక మనిషి అని రాసిస్తేనే, అదీ ఇసుక అడుగున్న చోటే. లేదంటే స్నార్కెల్‌తో సరి. ఈత క్లాసులకి కూడా చేరాను, జనవరికి వస్తుందని కాదు, నీళ్ళలో మొహం పెట్టడానికైనా.

నిన్న ఇంట్లో ట్రయల్ వేశాను. స్నార్కెల్ నోట్లో పెట్టుకుని, మాస్క్ కట్టుకుని, బకెట్లో తల ముంచి ఊపిరి తీశాను. రెండు నిమిషాలు! అమ్మ బాత్రూం తలుపు బాదుతూనే ఉంది.

జంగ్లీఘాట్_కుర్రాడు:
బాగుంది. ఇప్పుడు మాస్క్ తీసేసి చేయండి. ముక్కుకి నీళ్ళు తగులుతూ ఉండగా నోటితోనే పీల్చాలి. మొదటిసారి పది సెకన్లు కూడా ఉండలేరు, దగ్గొస్తుంది. నిమిషం ఉండగలిగిన రోజు ఇక్కడ రాయండి, ఎవరి దగ్గర దిగాలో అప్పుడు మాట్లాడదాం.

సముద్రమంటే_దడ:
ఏడు సెకన్లు. గొంతులోకి పోయింది. మళ్ళీ వెళ్తున్నా.